ఇంకా పదకొండు నిమిషాలు

ఆఖరి సీజన్ మొత్తం ఒక్కసారే వదిలారు,
రొయ్యల గుంటకి తూము ఎత్తినట్టు.
ఎనిమిది భాగాలు.
మాకేమో రోజుకి ఒకటిన్నర జీబీ,
మూడు ఫోన్లు, అందులో ఒకటి పగిలింది,
ఇందుకూరుపేట నుంచి మైపాడు దిక్కు
నైట్ షిఫ్టు బస్సులో అరగంట.

హాట్‌స్పాట్ మస్తానిది, ఫోను సువార్తది.
ఇయర్‌ఫోన్లు నావి: ఒక చెవి నాకు, ఒక చెవి సువార్తకి.
మస్తాని పెదాలు చూసి మాట పట్టేస్తానంటాది.
పెదాలు ఇంగ్లీషులో కదులుతాయి,
మాకు తెలుగులో వినపడతాది,
తను ఇంకేదో మూడో కథ చూస్తా ఉంటాది.

తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాం,
మస్తాని వాళ్ళింట్లో, సాయంత్రం ఆరింటికి,
వాళ్ళ నాయన వచ్చి వార్తలు పెట్టేలోపల.
అప్పుడు ఆ పిలకాయలకి పదహారు, మాకు పద్నాలుగు.
ఇప్పుడు మాకు ఇరవైమూడు.
వాళ్ళు ఇంకా అదే బడికి పోతా ఉండారు,
గడ్డం గీసిన చోట పచ్చగా కనపడతా.

అయిదుగురిలో మాకు మంచుపిల్ల ఇష్టం.
అసలు పేరు నోరు తిరగదు.
చెయ్యి పెడితే నీళ్ళు గడ్డ కడతాయి,
ఆ బడాయికి తొమ్మిదేళ్ళు మురిసిపొయ్యాం.
ఇప్పుడు నేను లైన్లో నిలబడి
ఐసునీళ్ళలో చేతులు ముంచి
రొయ్యల తలకాయలు తుంచతా ఉంటే
శక్తి అయితే ఏదీ రాలేదు గానీ
గ్లౌజు తీసినాక వేళ్ళు నావి గావు.
టీ గ్లాసు పట్టుకుంటే
ఆ వేడి ఎవురికో తగిలినట్టుంటాది,
చాలాసేపటికి నాకు కబురొస్తాది.

ఈసారి ఎగిరే కుర్రోడి గొంతు మార్చేశారు.
అదే మొహం, అదే నీలం చొక్కా,
లోపలనుంచి వేరే ఎవురో మాట్లాడతా ఉండారు.
పాత గొంతు "నేనున్నాగా" అంటే
కరెంటు పొయ్యి టీవీ ఆరినాక కూడా
ఆ మాట ఇంట్లోనే తిరగతా ఉండేది.
ఆయన ఎవురో, ఏ ఊరో,
చివర్లో పేర్లు పడేటప్పుడు కూడా వెయ్యలేదు.
చచ్చిపొయ్యాడో,
ఇచ్చేది చాలదన్నాడో,
ఆయన లైను గూడా మూసేశారో.

ఎందుకంటే మా సూపర్‌వైజరు పెంచలయ్య సారు
మొన్న గేటు కాడ అన్నాడు:
ఈ సీజన్ అయిపోతే మూడో లైను ఉండదంట.
సీజన్ అన్న మాటకి ముగ్గురం ఒక్కసారే తలెత్తాం.
ముగ్గురికీ నవ్వొచ్చింది.
ఆయనకి అర్థం గాలా.

ఎనిమిదో భాగం. అల లేచింది.
పట్నం మీద తెల్లగా, మేడలకంటే ఎత్తుగా.
ఒడ్డున మంచుపిల్ల ఒక్కతే,
చెయ్యి ఎత్తింది,
సువార్త బొటనవేలితో ఆపేసింది.
"వద్దు మే. చూస్తే అయిపోతాది."
ఇంకా పదకొండు నిమిషాలుందని కింద పడతా ఉండాది.

మస్తాని తిట్టింది, డేటా నాదంది,
దాని మొహం చూసి ఊరుకుంది.
నేను మాత్రం ఆగలేకపొయ్యా.
మర్నాడు మధ్యాన్నం దుప్పటి ముసుగేసుకుని
పగిలిన ఫోన్లో ఒక్కదాన్నే చూసేశా.
పట్నం ఏమైందో చెప్పను.
ఆఖర్న ఆ పిల్ల ఒక కప్పు పట్టుకుంటాది, అంతే.
చెయ్యి కాలి వదిలేస్తాది.
కాలినందుకు నవ్వతాది.
దుప్పట్లో నేను ఎందుకు ఏడ్చానో
సువార్తకి చెప్పాలంటే
కథంతా చెప్పాల్సొస్తాది.

పంతొమ్మిది రోజులైంది.
తెల్లారి బస్సు కదిలినప్పుడు
వెనక అద్దంలో సముద్రం,
మామూలుగా లేస్తా, పడతా.
సువార్త నిద్రపోతా ఉంటాది, ఫోను ఒళ్ళో.
స్క్రీను మీద అల అట్టనే నిలబడి ఉండాది.
దాని కింద జనం, ఒక కుక్క, గొడుగేసిన బండి,
ఎవురికీ ఏం గాలేదు.
ఉప్పునీళ్ళకి తోలూడిన బొటనవేలు
అల అంచు మీదనే ఉండాది.

బ్యాటరీ నాలుగు శాతం.
మస్తాని ఏమీ అనకుండా
పవర్‌బ్యాంకు తీసి గుచ్చింది.